పన్నెండో ఖుబ్బూస్

నవంబరు ఇరవై ఎనిమిది, శుక్రవారం. ఆ రోజు మధ్యాహ్నం ఏం వండాడో దొరబాబుకి ఇప్పటికీ గుర్తే. కోడికూర, ఉల్లిపాయ పులుసు, పెరుగు. బాలు కోసం విడిగా ఎనిమిది గుడ్లు ఉడకబెట్టాడు. మ్యాచ్ ఉన్న రోజు బాలు అన్నం తగ్గించి కూర ఎక్కువ తింటాడు. నూట పదహారు కిలోల కొడుకు ఎదురుగా కూర్చుని ఒక్కో గుడ్డూ ఉప్పులో అద్దుకు తింటుంటే, ఆ పూట దొరబాబుకి తను తినకుండానే కడుపు నిండిపోయింది. ఇప్పుడు ఆ తృప్తిని తలుచుకోవడానికి ఇష్టపడడు.

కిందటి వారం చదివినవాళ్ళకి ఆ సాయంత్రం సంగతి తెలుసు. చదవనివాళ్ళకి నాలుగు మాటల్లో చెప్పుకుందాం. కువైట్‌లో కాలితో తన్నే ఫుట్‌బాల్‌కి ఉన్నంత సందడి దీనికి లేదు. ఇది తలకి హెల్మెట్టు, భుజాలకి దళసరి కవచాలు కట్టుకుని అమెరికా పద్ధతిలో ఆడే ఆట. ఆడేవి నాలుగు ప్రైవేటు కాలేజీలు. బాలు ఒక కాలేజీకి లైన్‌మన్. అంటే ముందు వరసలో వంగి నిలబడే ఐదుగురిలో ఒకడు. బంతి వీళ్ళ చేతికి రాదు. ఎదుటి వరసలో వాణ్ణి నెట్టడం, పడగొట్టడం, వెనకున్న తమవాడికి దారి చెయ్యడం, అంతే వీళ్ళ పని. చూసేవాళ్ళంతా బంతిని చూస్తారు. వీళ్ళని ఎవరూ చూడరు.

దొరబాబు ఒక్కడే చూస్తాడు. మొదటి మ్యాచ్‌లో బంతి ఎక్కడుందో అర్థంకాక కొడుకు వీపు మీద ఫోన్ కెమెరా పెట్టాడు. అప్పటినుంచి అదే అలవాటు. ఆ శుక్రవారం కూడా కంచె దగ్గర నిలబడి అలాగే తీశాడు. రెండో సగంలో ఎదుటి కాలేజీ డెబ్భై నాలుగో నంబరు కుర్రాడు అజ్మతుల్లా, మోకాలు పట్టుకుని పడిపోయాడు. బాలే హెల్మెట్టు తీసి పారేసి, వాణ్ణి రెండు చేతులా ఎత్తుకుని గీత బయటికి మోశాడు. రెండు జట్లూ చప్పట్లు కొట్టాయి. రిఫరీ ఏ తప్పూ చెప్పలేదు. అది ప్రమాదం అనుకున్నారు అందరూ.

వారం తిరిగాక, నిన్న రాత్రి, బాలు నిద్రపోయాక, దొరబాబు ఆ ఫిల్ము చప్పుడు ఆపేసి ఒక్కో బొమ్మా ఆపి ఆపి చూశాడు. అది అతని వృత్తి. అహ్మదిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో పంతొమ్మిదేళ్ళుగా పైపుల అతుకుల ఎక్స్‌రే ఫిల్ములు చదువుతున్నాడు. పైకి నున్నగా మెరిసే అతుకు లోపల వెంట్రుకంత చీలిక ఉంటే, ఫోర్‌మన్లు బతిమాలినా బెదిరించినా రిజెక్ట్ అనే ముద్ర వేస్తాడు. ఒక్క చెడ్డ అతుకుని కూడా ఇంతవరకూ వదల్లేదు. నలభై నాలుగు సెకన్ల ఆ ఫిల్ములో ముప్ఫై ఒకటో సెకను దగ్గర అతని వేలు ఆగింది. వరసలో బాలు పక్కన ఆడే సాయికృష్ణ అజ్మతుల్లాని ఛాతీ దగ్గర పట్టి నిలబెట్టి ఉన్నాడు. బాలు తల వంచి, పక్కనుంచి, వాడి మోకాలి మీదికి పోతున్నాడు.

రెండేళ్ళ కిందట ఇదే భోజనాల బల్ల మీద గ్లాసులు, స్పూన్లు పేర్చి ఆట నేర్పింది బాలే. "ఇదొక్కటి మాత్రం చెయ్యకూడదు నాన్నా. ఒకడు పైన పట్టుకున్నప్పుడు రెండోవాడు కింద కొట్టకూడదు. వాడికి తప్పుకునే దారి ఉండదు. మోకాలు పోద్ది," అన్నాడు, గ్లాసుని పడకుండా పట్టుకుని.

ఇదీ నిన్నటి సంగతి.

ఇవాళ, శనివారం సాయంత్రం ఆరు దాటుతుండగా బెల్లు మోగింది. బాలు జిమ్‌కి వెళ్ళాడు. దొరబాబు తలుపు తీసేసరికి నూర్ బాషా, ఆసియా బీ నిలబడి ఉన్నారు. అజ్మతుల్లా తల్లిదండ్రులు. ఆస్పత్రిలో ఒకసారి, బాలు లేనప్పుడు చూశాడు. దొరబాబే తన నంబరూ, అడ్రసూ నూర్ బాషా చేతిలో పెట్టి, ఏం కావాలన్నా చెప్పమని వచ్చాడు. అప్పటికింకా ఫిల్ము చూడలేదు.

"ఏమనుకోవద్దన్నా, చెప్పకుండా వస్తిమి," అన్నాడు నూర్ బాషా. ఖైతాన్‌లో కార్ల డెంటింగ్ షాపులో పని ఆయనది. గోళ్ళ చుట్టూ పెయింటు మరక ఎంత రుద్దినా పోనట్టుంది. "బస్సు దిగినాక దారి తెలియలే. కింద కాపలా ఉండే హారిస్ మంచోడు, పైదాకా వచ్చి చూపిచ్చిపోయినాడు."

లిఫ్టు ఆ పూట పనిచేసినందుకు దొరబాబు లోపల్లోపల సంతోషించాడు. ఆసియా బీకి మోకాళ్ళ నొప్పులని ఆస్పత్రి మెట్ల దగ్గరే కనిపెట్టాడు. ఆమె చెప్పులు విప్పి, అక్కడే అడ్డదిడ్డంగా పడున్న బాలు బూట్లు కూడా తన చెప్పుల పక్కన జతగా సర్ది పెట్టింది. ఆ తర్వాత చేతిలోని స్టీలు డబ్బా బల్ల మీద ఉంచింది.

"కుష్కా, దాల్చా అన్నా. బాలుకని చేసినా. ఏం తింటాడో తెలియదు, కారం రవంత తగ్గించినా."

"ఎందుకమ్మా ఈ శ్రమ," అన్నాడు దొరబాబు.

"శ్రమేముండాది. నా కొడుకును ఎత్తుకోని మోసినాడు గదన్నా. నేనే ఎత్తుకోలేను వాన్ని, ఆరో ఏటనుంచి. నమాజులో బాలు పేరుగూడా చెప్పుకుంటాండా."

దొరబాబు టీ పెట్టే నెపంతో వంటగదిలోకి పోయాడు. బాల్కనీ తలుపు తెరిచే ఉంది. తీగ మీద జెర్సీ, కింద పీట మీద హెల్మెట్టు ఆరుతున్నాయి. చెమట కంపు వంటగది దాకా వస్తోంది. ఆ హెల్మెట్టు వెనక గుండ్రటి చిన్న స్టిక్కర్లు వరసగా ఉంటాయి, ఖుబ్బూస్ రొట్టె బొమ్మలు. ఎదుటివాణ్ణి వెల్లకిలా పడేస్తే ఈ జట్టులో దాన్ని ఖుబ్బూస్ అంటారు. రొట్టెలా పరుచుకుపోయాడని. మ్యాచ్ అయ్యాక కోచ్ అందరి ముందూ పిలిచి, పడేసినవాడి హెల్మెట్టుకి ఒక్కో స్టిక్కరు అంటిస్తాడు. బాలుకి పదకొండు ఉండేవి. ఆ లెక్క దొరబాబు నోటికి తెలుసు, ఆఫీసులో ఒకరిద్దరికి చెప్పుకున్నాడు కూడా.

టీ పొంగుతోంది. దొరబాబు వంగి చూశాడు. పన్నెండు ఉన్నాయి. చివరిది ఇంకా కొత్తగా, మెరుస్తూ ఉంది. ఆ మ్యాచ్‌లో బాలు పడేసింది అజ్మతుల్లా ఒక్కణ్ణే.

పొయ్యి కట్టేసి, కొళాయి తిప్పి మొహం కడుక్కుని, టీ తీసుకెళ్ళాడు.

నూర్ బాషా కప్పు అందుకుని, ముందు భార్య సాసర్లో కొంచెం వంపి ఊది ఇచ్చి, అప్పుడు తను తాగాడు. తర్వాత, వచ్చిన పని బయటపెట్టాడు.

"రేపు ఆదివారం పది గంటలకు కమిటీ కూర్చుంటాదంటన్నా. నాలుగు కాలేజీల వాళ్ళు. మావాన్ని ఆ కాలేజీ వాళ్ళు ఆట కోసమే చేర్చుకున్యారు. డాక్టరు చూస్తే ఇంక ఆట లేదనె. ఆట లేకుంటే సీటు లేదు. సీటు లేకుంటే ఇఖామా లేదు, ఈ దేశంలో ఉండనియ్యరు. రెండేండ్ల చదువు ఖలాస్."

"రూలు ఒకటుందంట," అంది ఆసియా బీ.

"ఆ, ఉంది. అవతలోడు తప్పు ఆడి దెబ్బ తగిలుంటే, చదువయ్యేదాకా సీటు తియ్యగూడదంట. కానీ సాక్ష్యం కావాల. వాళ్ళ కెమెరా అంతా బంతి ఎంబడి పోయినాది, మావాడు యాడా పడలే. మీరు ఫోన్లో తీసినారంట గదా, మా కోచ్ సారు చూసినాడంట మిమ్మల్ని కంచె కాడ." నూర్ బాషా మొహమాటంగా నవ్వాడు. "బాలు మీదికేం కాదన్నా. ఇంగెవడన్నా చేసినాడేమో, ఆ తోపులాటలో. ఉంటే బయటపడతాది."

దొరబాబు ఫోను చొక్కా జేబులోనే ఉంది. దాని వేడి గుండెకి తగులుతున్నట్టే ఉంది. ఫిల్ము దాన్లో తప్ప ఇంకెక్కడా లేదు.

"తీశానండీ," అన్నాడు. "కానీ... సరిగ్గా పడలేదు. ఎవరో అడ్డొచ్చారు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. పంతొమ్మిదేళ్ళలో ఒక్క చెడ్డ అతుకు మీదా సంతకం పెట్టని మనిషి, ఇద్దరు నమ్మిన మనుషుల ముందు కూర్చుని, టీ కప్పు చేతిలో పట్టుకుని, సంతకం పెట్టేశాడు.

"అట్లనా," అన్నాడు నూర్ బాషా. ఆ ఒక్క మాటే అన్నాడు. ఇంకోసారి అడగలేదు, చూపించమనలేదు. అడిగి ఉంటే బాగుండుననిపించింది దొరబాబుకి.

ఆసియా బీ కొంగు సర్దుకుంది. "వాన్ని అడిగితే ఏమీ చెప్పడన్నా. కాలు జారినాది, అంటాడు. జారితే మోకాలు పక్కకెట్ల తిరుగుతాది. గోడ దిక్కు తిరిగి పండుకుంటాడు. సూరీడు పుట్టినప్పట్నుంచి వాగుతా ఉండేటోడు. ఇంట్లో మాది ఉర్దూ, కానీ వాని వాగుడంతా తెలుగులోనే. రాయచోటిలో మా అత్త కాడ పెరిగినాడు, ఏడో తరగతి దాకా తెలుగు బడే. పద్యాలు గూడా చెప్పేటోడు."

దొరబాబుకి ఆ మాట అప్పుడు అంతగా ఎక్కలేదు. వాళ్ళని లిఫ్టు దాకా సాగనంపాడు. తలుపులు మూసుకునే ముందు నూర్ బాషా, "చలి పెడతాంది, మీరు లోపలికి పోండన్నా," అన్నాడు. అబద్ధం చెప్పినవాడి ఒంటికి చలి తగలకూడదని అతని తాపత్రయం.

ఎనిమిదింటికి బాలు వచ్చాడు. ఎప్పట్లాగే తలుపు ధడాలున వేసి, సంచి విసిరేసి, మూత తీసి డబ్బాలోకి చూశాడు.

"బిర్యానీయా? ఎవరిచ్చారు?"

"అజ్మతుల్లా వాళ్ళమ్మ. నీకోసం చేసిందట."

బాలు చెయ్యి ఆగిపోయింది. మూత మళ్ళీ పెట్టేశాడు. "ఆకలి లేదు."

"జిమ్ నుంచి వచ్చి ఆకలి లేదా."

"తర్వాత తింటా."

"కూర్చో," అన్నాడు దొరబాబు.

ఆయన గొంతు పెంచే మనిషి కాదు. భార్య జ్ఞానప్రసూన పోయిన నాలుగేళ్ళలో ఈ ఇంట్లో పెద్ద మాటే లేచింది లేదు. బాలు తండ్రి మొహం చూసి కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

దొరబాబు ఫోను తీసి బల్ల మీద నిలబెట్టాడు. ముప్ఫై ఒకటో సెకను దగ్గర బొమ్మ ఆపి ఉంది.

బాలు చూశాడు. చాలాసేపేం చూడలేదు. "యాంగిల్ అలా ఉంది," అన్నాడు.

"యాంగిల్ సంగతి నాకు చెప్పకు. నేను తినేది ఆ తిండే."

"నాన్నా, నీకు తెలీదు. లైన్‌లో అందరూ చేస్తారు. కింద పడ్డాక పైన పదిమంది పడతారు కదా, ఆ గుట్ట కింద వేళ్ళు విరుస్తారు. గొంతు మీద మోచెయ్యి పెడతారు. గిల్లుతారు, కొరుకుతారు. నా వీపు మీద గాట్లు చూశావుగా. అది ఆటలో భాగం. రిఫరీ చూస్తే ఫౌల్, చూడకపోతే ప్లే. అంతే."

"నేను చూశాను."

"నువ్వు రిఫరీవి కాదు."

"కాదు. అబద్ధాలకోరుని. ఇందాక వాళ్ళమ్మా నాన్నా ఇదే బల్ల దగ్గర కూర్చుని వీడియో అడిగితే, సరిగ్గా పడలేదని చెప్పాను."

బాలు మొహంలో కనిపించింది ఊరట. అది దాచుకోవాలని కూడా వాడికి తోచలేదు. ముందు ఆ చెమట కంపు, తర్వాత ఆ పన్నెండో స్టిక్కరు, ఇప్పుడిది. కన్నకొడుకు ఊరట చూసి అసహ్యం పుట్టే రోజు వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"థాంక్స్ నాన్నా," అన్నాడు బాలు మెల్లిగా.

"నోర్ముయ్."

బాలు డబ్బాని పక్కకి జరిపాడు.

"ఫస్ట్ ఇయర్‌లో పడ్డవాడికి చెయ్యిచ్చి లేపేవాణ్ణి, గుర్తుందా," అన్నాడు బాలు బల్ల వంక చూస్తూ. "కోచ్ నన్ను నెల రోజులు కూర్చోబెట్టాడు. లేపేవాడు నాకొద్దు, లేవకుండా చేసేవాడు కావాలి అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వే అన్నావు, బాలూ, ఆడాలంటే కొంచెం గట్టిగా ఉండాల్రా అని."

"అన్నాను."

"డెబ్భై నాలుగు మమ్మల్ని తినేస్తున్నాడు ఆ రోజు. సాయిని మూడుసార్లు పడేశాడు. బ్రేక్‌లో కోచ్ వచ్చి, డెబ్భై నాలుగు నాకు ఫీల్డ్ మీద కనపడకూడదు అన్నాడు. ఎలా అని చెప్పలేదు."

"ఎలా అన్నది నువ్వు ఆలోచించావు."

బాలు డబ్బా మూత అంచు గోటితో గీకాడు.

"ఎత్తుకుని ఎందుకు మోశావురా మరి?"

"లేస్తాడనుకున్నా నాన్నా. ఒకట్రెండు ప్లేలు బయట కూర్చుంటాడనుకున్నా. అరిచాడు కదా... అలా అరవడం నేనెప్పుడూ వినలేదు." ఫోను వంక చూశాడు. "నాకేం చెయ్యాలో తెలీలేదు. ఎత్తాను."

"స్టిక్కరు?"

"కోచ్ అంటించాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో."

"పీకెయ్యకపోయావా."

"పీకితే ఎందుకు పీకావని అడుగుతారు."

ఇంత పెద్ద శరీరంలో ఇంత చిన్న జవాబు ఎక్కడ దాక్కుందో అనుకున్నాడు దొరబాబు. చెయ్యి చాచి ఫోను చప్పుడు పెంచాడు. నిన్న తను చప్పుడు లేకుండా చూశాడు. ఎక్స్‌రేలకి చప్పుడుండదు, ఆ అలవాటు. ఇప్పుడు మొదలునుంచీ నడిపాడు.

గాలి హోరు. ఎవరో అరబ్బీలో యల్లా యల్లా అని అరుపులు. తర్వాత కంచె దగ్గరే, ఫోనుకి అతి దగ్గరగా, దొరబాబు సొంత గొంతు: "అదీ. అదీ, నెట్టెయ్ బాలూ, పడగొట్టు."

తండ్రీ కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇరవై ఎనిమిదో సెకను. వరస వంగింది. ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం, ఆ ఆటలో బంతి కదిలే ముందు వచ్చే నిశ్శబ్దం. అందులోంచి బాలు గొంతు స్పష్టంగా వినిపించింది.

"సాయీ, నువ్వు పైన పట్టు. నేను కింద కొడతా."

దొరబాబు ఫిల్ము ఆపాడు.

"తెలుగులో చెప్పావు."

"మా ఇద్దరి సిగ్నల్స్ తెలుగే," అన్నాడు బాలు. "ఇంగ్లీషులో అయితే ఎదుటివాళ్ళకి తెలిసిపోద్ది. అరబిక్ అయినా అంతే, హిందీ అయినా అంతే. తెలుగు ఎవడికీ రాదు. ఈ సీజన్ అంతా అలాగే ఆడాం. కోచ్‌కి కూడా భలే నచ్చింది."

జ్ఞానప్రసూన వంటింటి గచ్చు మీద సుద్దముక్కతో అ ఆలు రాసి దిద్దించిన తెలుగు. కువైట్‌లో పుట్టిన పిల్లాడికి మాట రాకుండా పోతుందని, రోజూ కూర కలుపుతూ కథలు చెప్పిన తెలుగు. దొరబాబు ఆ తలంపుని దగ్గరికి రానివ్వలేదు. ఆమెని ఈ గదిలోకి లాగడం ఇష్టం లేకపోయింది.

ఫిల్ముని మళ్ళీ నడిపాడు, ఈసారి కొడుకుని వదిలేసి ఎదుటి వరసలో డెబ్భై నాలుగుని చూస్తూ. ఒక్కో బొమ్మా ఆపి ఆపి. వరసంతా తలలు దించి ఉంది. బాలు కేక వినిపించగానే అందులో ఒక్క తల లేచింది. అజ్మతుల్లా తలెత్తి, బాలు వంక తిన్నగా చూశాడు. హెల్మెట్టు ఊచల వెనక మొహం సరిగా కనపడదు. కాని మెడ నిటారుగా అయింది, భుజాలు వదులయ్యాయి. అర సెకను. అప్పటికి బంతి కదిలింది, సాయికృష్ణ వాణ్ణి ఛాతీ పట్టి నిలబెట్టేశాడు.

ఆసియా బీ చెప్పిన మాట అప్పుడు ఎక్కింది దొరబాబుకి.

"ఆ కుర్రాడు ఏ భాషవాడనుకున్నావురా?"

"ఉర్దూ. వాళ్ళ టీమ్‌లో హిందీలోనే మాట్లాడతాడు. హాస్పిటల్‌లో నాతో కూడా హిందీయే. పేరు కూడా..."

"పేరు చూసి సరిపెట్టుకున్నావు. వాడు రాయచోటిలో ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివాడు. పద్యాలు చెప్పేవాడట."

బాలు ముందు అర్థంకానట్టు చూశాడు. తర్వాత ఫోను లాక్కుని ఆ మూడు సెకన్లు మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. నాలుగోసారి చూసి ఫోను బల్ల మీద పెట్టేశాడు.

"విన్నాడా," అన్నాడు.

"విని తలెత్తాడు. వంగి ఉంటే కాలు వెనక్కి లాక్కునేవాడేమో. తలెత్తాడు కాబట్టి నీకు దొరికాడు."

"నాకు తెలీదు నాన్నా. ఒట్టు, వాడికి వచ్చని నాకు తెలీదు."

"రాకపోతే కొట్టచ్చా?"

బాలు రెండు అరచేతులూ బల్ల మీద పరిచి, వాటి వంకే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అన్నాడు: "డిలీట్ చేసెయ్ నాన్నా. ప్లీజ్. నేను ఆట మానేస్తాను. రేపే మానేస్తాను. అది ఒక్కటీ ఉంచకు. కమిటీ చూస్తే కాలేజీలోంచే పంపేస్తారు."

"నిన్ను పంపకపోతే వాణ్ణి పంపుతారు."

"వాడు కాలు జారిందనే చెప్తున్నాడు కదా."

అన్నాక, తన నోటినుంచి ఏం వచ్చిందో వాడికే వినపడింది. మొహం తిప్పేసుకున్నాడు. దొరబాబు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వీడు ఆ మాట అనలేదనీ, తను వినలేదనీ అనుకోవడానికి కాసేపు కావలసి వచ్చింది.

అప్పుడు ఫోను మోగింది. తెలియని నంబరు. బాలే బల్ల మీదనుంచి తీసి తండ్రికి అందించాడు.

"సార్, నేను అజ్మతుల్లాను." నీరసంగా ఉంది గొంతు. "అమ్మావాళ్ళు మీ ఇంటికొచ్చి పోయినారంట. ఇంగా బస్సులోనే ఉండారు. వాళ్ళు వచ్చేలోపల మీకు చెప్పాలని చేసినా. నాయనకు వీడియో ఇచ్చినారా?"

"లేదు బాబూ."

"మేలు చేసినారు."

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"బాబూ, నేను మంచిపని చెయ్యలేదు. ఆ ఫిల్ములో అంతా ఉంది. నువ్వు విన్నావని కూడా ఉంది."



"విన్నా సార్," అన్నాడు అజ్మతుల్లా. "ఈ గ్రౌండులో తెలుగు యాడిదబ్బా అని తలెత్తినా. ఏమంటాండాడో బుర్రకు ఎక్కకముందే, మనోడే గదా అనిపించింది. సంతోషమాయె సార్ నాకు. ఒక్క రవంత సంతోషమాయె. ఆ తర్వాతనే కాలు పోయినాది. అమ్మ అడిగితే ఇదెట్ల చెప్పేది? సంతోషపడినానని చెప్పాలంటే సిగ్గయితాంది. అందుకే జారినానని చెప్పినా."

ఆ కుర్రాడు సిగ్గుపడుతున్నాడు. ఇంత జరిగాక, ఈ మొత్తంలో సిగ్గుపడినవాడు వాడొక్కడే.

"రేపు పది గంటలకు నన్నే అడుగుతారు సార్. ఏం చెప్పాల్నో నాకింగా తెలియలే. మీరు వీడియో పట్టుకపొయ్యి ఇస్తే అది మీరు చెప్పినట్టు. నేను చెప్తే నేను చెప్పినట్టు. నాకు ఆ రెండూ వద్దు, చేసినోడే చెప్పాల. బాలు ఉండాడా? వానికి ఫోను ఇయ్యండి."

"ఉన్నాడు."

"ఆ పొద్దు అన్న మాట తెలుగులోనే అన్నాడు గదా. ఇప్పుడూ తెలుగులోనే మాట్లాడమనండి. హిందీలో మాట్లాడితే పెట్టేస్తా."

దొరబాబు ఫోను చెవినుంచి తీసి కొడుకు వంక చాచాడు. "నీకు."

బాలు దాన్ని వెంటనే అందుకోలేదు. ఎవరని అడగలేదు. కుర్చీలోంచి లేచి, చొక్కాకి చేతులు తుడుచుకుని, అప్పుడు తీసుకున్నాడు. హలో అనలేదు. ఫోను ఛాతీకి అదిమిపట్టుకుని తన గది వైపు నడిచాడు.

సగం దూరం వెళ్ళాక దొరబాబుకి తట్టింది. ఆ ఫోనుతోపాటే ఆ నలభై నాలుగు సెకన్లూ వెళ్ళిపోతున్నాయి. ఒక్క వేలు కదిపితే చాలు, రేపు పది గంటలకి చూపించడానికి ప్రపంచంలో ఏమీ మిగలదు. "ఆగరా" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. వెంటపడి లాక్కోవచ్చు. ఇక్కడే, నా ముందే మాట్లాడమనచ్చు.

ఆయన కదల్లేదు. ఎందుకు కదల్లేదో ఆ క్షణాన అడిగితే చెప్పలేకపోయేవాడు.

బాలు గుమ్మంలో ఆగాడు. ఒకసారి వెనక్కి, తండ్రి చేతుల వంక చూశాడు, అవి తన వెనక వస్తాయేమోనన్నట్టు. రాలేదు. ఫోను ఇంకా చెవికి పెట్టుకోలేదు. వెలుగుతున్న తెర మీద బొటనవేలు ఆనించి ఉంది. లోపలికి అడుగేసి, ఆ రాత్రికి ఇక బయటికి రానన్నట్టు, గడియ చప్పుడైనా కాకుండా తలుపు మెల్లిగా మూసుకున్నాడు.